తిమింగలాల సర్వేకి ఫోన్‌తో ప్రాక్టీస్ ఎలా చేయాలి?

కొత్త_అల:
వచ్చే నెల ఓడ మీద తిమింగలాలు, డాల్ఫిన్ల సర్వేకి వాలంటీర్‌గా వెళ్తున్నాను, ఇంతవరకు సముద్రంలోకి వెళ్లిందే లేదు. ఫోన్‌లో ఫ్లాష్‌కార్డులు పెట్టుకుని రోజూ బస్సులో తిప్పుతున్నా, ఫొటో చూడగానే జాతి పేరు చెప్పేస్తున్నా. కానీ నిన్న ఒక సర్వే వీడియో చూస్తే నల్లగా ఏదో కదిలింది, మునిగింది, అంతే. టెన్షన్ పట్టుకుంది. ఇంకేం చేయొచ్చు?

డెక్‌మీదోడు:
ఆ ఫొటోలతోనే వచ్చింది చిక్కు, అన్నీ మంచి వెలుతురులో దగ్గర్నుంచి తీసినవే. అక్కడ మీకు దక్కేది రెండు సెకన్ల వీపు, లేదంటే దూరంగా చిమ్మిన నీటి తుంపర. వీడియోల్ని మూడేసి సెకన్ల ముక్కలు చేసి, ఒక్కసారే చూసి, చూసింది నోటితో చెప్పి రికార్డ్ చేసుకోండి. పేరు తర్వాత. తుంపర నిటారుగా లేచిందా, ముందుకి ఎడమవైపు వాలిందా (వాలితే స్పెర్మ్ వేల్)? ఫిన్ వేల్‌కి కింది దవడ కుడిపక్క తెల్లగా, ఎడమపక్క నల్లగా ఉంటుంది, కాబట్టి ఏ పక్క కనిపించిందో కూడా చెప్పాలి. తెలియనప్పుడు 'గుర్తుపట్టలేదు' అనడం కూడా అలవాటు చేసుకోండి, కొత్తవాళ్లకి నోరు రానిది అదే.

లెక్కల_పిచ్చి:
నన్నడిగితే జాతి కంటే దూరం దగ్గరే ఎక్కువ తప్పుతారండీ. ఓడ దారి నుంచి జంతువు ఎంత పక్కగా ఉందో దాన్నిబట్టే మొత్తం సంఖ్య అంచనా కడతారు, మనమేమో దూరం 500 మీటర్లు, 1000 మీటర్లు అని గుండ్రంగా చెప్పేస్తాం. ఒడ్డున నిలబడి ఓడ దూరం ఊహించి రాసుకోండి, ఆ తర్వాతే ఏఐఎస్ (ఓడలు తామెక్కడున్నాయో రేడియోలో పంపే వ్యవస్థ) యాప్ తెరిచి ఆ ఓడ ఎక్కడుందో చూడండి. మొదటిరోజు నేను 2 కిలోమీటర్లు అనుకున్నది 4 దాటి ఉంది, సిగ్గేసింది. డెక్ ఎక్కాక మళ్లీ కళ్లు అలవాటు పడాలి: కంటి ఎత్తు 2 మీటర్లయితే నింగీ నీరూ కలిసే గీత 5 కిలోమీటర్లలో ఉంటుంది, 10 మీటర్లయితే 11 పైనే. జంతువు ఓడ దారికి ఎంత కోణంలో ఉందో కూడా చెప్పాలి, దానికి మాత్రం ఫోన్ దిక్సూచిని నమ్మకండి, చుట్టూ ఇనుమే కదా, తప్పు చూపిస్తుంది.

కొత్త_అల:
ఏఐఎస్ సంగతి తట్టనే లేదు, ఇప్పుడే వేసుకున్నా. ఎంట్రీలు కూడా ఫోన్‌లోనే కొట్టాలా?

డెక్‌మీదోడు:
సర్వేని బట్టి. ఫోనే అయితే ఇంట్లోనే సిగ్నల్ ఆపేసి యాప్ నడిపి చూడండి. ఎండకి స్క్రీన్ కనపడదు, తడి వేళ్లకి టచ్ మాట వినదు. మాలో ఒకరు బటన్ వెతుకుతూ తల దించిన పది సెకన్లలో డాల్ఫిన్ల గుంపు ఓడ ముందు నుంచే దాటిపోయింది, అప్పట్నుంచి చూసేవాళ్లు చూస్తారు, పక్కనున్నవాళ్లు కొడతారు. మీరూ ఎవరి చేతికైనా ఫోన్ ఇచ్చి, మీరు చెప్తుంటే వాళ్లు నమోదు చేసేలా ఓ గంట కూర్చోండి.