డాక్టరే మందు కలిపి ఇవ్వవచ్చా?

గోడమీదపిల్లి: మా ఊరి డాక్టర్ గారు చీటీ రాయరు. లోపలి గదిలో బిళ్లలు పొట్లం కట్టించి, రెండు లేపనాలు ఒక డబ్బాలో కలిపించి ఇస్తారు. ఫీజుతో కలిపి 300 రూపాయలు. ఇది చట్టబద్ధమేనా?

మందులకొట్టు: ముమ్మాటికీ కాదు. 1948 నాటి ఫార్మసీ చట్టం, 42వ సెక్షన్: రిజిస్టరైన ఫార్మసిస్టు తప్ప ఇంకెవరూ చీటీ మీద మందు కలపకూడదు, ఇవ్వకూడదు. లైసెన్సు తీసుకుని, ఫ్రిజ్ కొని, ఫార్మసిస్టుకు జీతమిచ్చి నేను కొట్టు పెట్టాను. మా ఎదురు క్లినిక్‌లో సొరుగు లాగి అమ్మేస్తున్నారు.

పల్లెవైద్యుడు: సెక్షన్ సగమే చదివారు. దాని కిందే మినహాయింపు ఉంది, డాక్టరు తన సొంత రోగికి మందు ఇవ్వవచ్చు. 1945 ఔషధ నిబంధనల్లో మినహాయింపుల జాబితా, షెడ్యూల్ కె చెప్పేదీ అదే. కాకపోతే బహిరంగ దుకాణం నడపకూడదు, కౌంటరు మీద అమ్మకూడదు. 31 ఏళ్లు పల్లెలో వైద్యం చేశాను. రాత్రి రెండింటికి ఆయాసంతో వచ్చిన మనిషిని కొట్టు తెరిచేదాకా ఆగమనాలా?

మందులకొట్టు: రాత్రి సంగతి ఎవరు అడిగారు? పట్టపగలు అరవై మందికి ఇస్తే అది దుకాణం కాదా?

తాటాకు: బోర్డు లేదు కాబట్టి కాదేమో.

పల్లెవైద్యుడు: వేరే డాక్టరు చీటీ తెచ్చినవాళ్లకు అమ్మితే దుకాణం. చెన్నైలో ఒక చర్మవైద్యురాలి గదిలో కొద్దిపాటి లేపనాలు, లోషన్లు దొరికాయని పెట్టిన కేసును 2023 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది.

మందులకొట్టు: ‘కొద్దిపాటి’ అని మీరే అన్నారు. సరే, కలిపేది ఎవరు? పదో తరగతి తప్పిన కాంపౌండరు. మినహాయింపు డాక్టరుకా, కాంపౌండరుకా?

పల్లెవైద్యుడు: చెయ్యి అతనిది, బాధ్యత నాది.

మందులకొట్టు: ఆ మాట చట్టంలో ఎక్కడుందో చూపించండి.

పల్లెవైద్యుడు: ముందు మీ కొట్లో చీటీ లేకుండా యాంటీబయాటిక్ ఎన్నిసార్లు అమ్మారో చెప్పండి, తర్వాత చూపిస్తాను.

తాటాకు: ఇద్దరూ చెప్పరు.

పెద్దకొడుకు: మా నాన్నకు ఒక క్లినిక్‌లో పాత క్యాలెండరు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చారు. తెల్లవి ఆరు, సగానికి విరిచిన గులాబీ రంగువి నాలుగు. మూడో రోజుకు ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు వాచాయి. పెద్దాసుపత్రిలో ఏం మందు వాడారని అడిగితే పొట్లం విప్పాను. అక్కడి డాక్టరు గులాబీ ముక్కను వేళ్ల మధ్య తిప్పి చూసి పక్కన పెట్టేశారు. విరిచిన బిళ్ల మీద పేరు ఉంటుందా? ఈరోజుకీ నాన్నకు ఏ మందు పడదో మాకు తెలియదు.

పల్లెవైద్యుడు: అది తప్పు. షెడ్యూల్ హెచ్ మందైతే, అంటే చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందైతే, పొట్లం మీద డాక్టరు పేరు, చిరునామా, మోతాదు ఉండాలి. మందు పేరు, రోగి పేరు, తేదీ రిజిస్టరులో రాసి రెండేళ్లు ఉంచాలి. అదీ షెడ్యూల్ కెలోనే ఉంది.

పెద్దకొడుకు: 31 ఏళ్లూ మీరు రాశారా?

పల్లెవైద్యుడు: కొన్న బిల్లులన్నీ ఉంచాను. రిజిస్టరు మొదటి రెండు మూడేళ్లు రాశాను. నిజం చెప్తాను, మందు పేరు రాసిస్తే రోగి మళ్లీ రాడు. ఆ కాగితం కొట్లో చూపించి అవే బిళ్లలు కొనుక్కుంటాడు. ఇరవై రూపాయల ఫీజుతో క్లినిక్ అద్దె కూడా రాదు. మందు మీద మిగిలిందే మాకు తిండి పెట్టింది.

మందులకొట్టు: ఇప్పుడు బయటపడింది! నేను మొదటి నుంచీ అంటున్నది అదే.

పెద్దకొడుకు: మీరు అన్నది అది కాదు. ఆ అమ్మకం మీకు రావడం లేదన్నారు. మా నాన్న ఏం మింగారో మీ ఇద్దరిలో ఎవరికీ పట్టలేదు.

గోడమీదపిల్లి: ఈరోజు ధైర్యం చేసి మందుల పేర్లు అడిగాను. డాక్టర్ గారు నా ముఖం ఒకసారి చూసి, పొట్లం వెనకే రాసిచ్చారు. నాకు ఒక్క అక్షరం అర్థం కాలేదు. ఫొటో పెడుతున్నాను, ఎవరైనా చదవగలరా?

మందులకొట్టు: మొదటిది సెట్రిజిన్, అలర్జీ బిళ్ల. రెండోది మసకగా ఉంది, వెలుతురులో మళ్లీ తీసి పెట్టండి.

పల్లెవైద్యుడు: రెండోది ప్రెడ్నిసొలోన్ లాగుంది, స్టెరాయిడ్ అది. ఎన్ని రోజులు వాడమన్నారు?