గంజాం రచయితల జాబితా: ఇంటిపేరుతో వెతకాలా, అట్ట మీద ఉన్న పేరుతోనా?

గంజాం పాఠకుడు, బరంపురం

అందరికీ నమస్కారం. పాత గంజాం, కోరాపుట్ జిల్లాల నుంచి రాసిన తెలుగువాళ్ల జాబితా ఒకటి మేం నలుగురం కలిసి కడుతున్నాం. శతకాలు, కథలు, వ్యాకరణాలు, కాలేజీ మాస్టార్లు ఇంగ్లీషులో రాసిన పరిశోధన వ్యాసాలు, దొరికినవన్నీ ఎక్కిస్తున్నాం. మూడు వందల చీటీల దగ్గర మాలో మాకు తగువు వచ్చింది.

పరిశోధన వ్యాసాలు వెతికే గూగుల్ స్కాలర్‌లో రచయిత పేరు దగ్గర 'రావు' అని కొట్టి చూడండి. మన కాలేజీ మాస్టారు ఎక్కడో అట్టడుగు పేజీలో ఉంటారు, అక్కడిదాకా అది చూపించనే చూపించదు. అసలు రావు ఇంటిపేరే కాదు కదా. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి ఇంటిపేరు కల్యంపూడి. 1945 నాటి ఆయన వ్యాసంతో లెక్కల్లో 'క్రామెర్-రావు' అన్న మాట నిలిచిపోయింది, ఇంటిపేరు మాత్రం ఒక పొడి అక్షరంగా మిగిలింది. మన ఊళ్లోనే 1894లో పుట్టిన వి.వి. గిరి గారి సంగతీ ఇంతే. కార్మిక సమస్యల మీద ఆయన రాసిన పుస్తకం కేటలాగులో 'గిరి' కింద ఉంటుంది. వాళ్ల ఇంటిపేరు వరాహగిరి. ఒడిశాలోనూ బెంగాల్లోనూ నేపాల్లోనూ గిరి అనే ఇంటిపేరు గలవాళ్లు వేరే బోలెడుమంది ఉన్నారు, వాళ్లందరి మధ్యా ఈయన్ని ఏరుకోవాలి. తండ్రి జోగయ్య పంతులు గారిని అదే పద్ధతిలో వెతికితే 'పంతులు' దగ్గర తేలతారు. ఒకే ఇంట్లో తండ్రీ కొడుకులు రెండు సొరుగుల్లో!

అందుకే నా మాట: అట్ట మీద ఎలా ఉన్నా సరే, అసలు ఇంటిపేరు కనుక్కుని దాని కిందే ప్రతి చీటీ పెట్టాలి. మిగతా ముగ్గురూ ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

రిటైర్డ్ తెలుగు మాస్టారు, పర్లాకిమిడి

బాబూ, మీ పని మంచిది, మీ సూత్రమే ఒప్పుకోలేను. ఇంటిపేరు కిందికి చేర్చడమంటే తెలియనిదాన్ని తెలిసినట్టు రాయడం అవుతుంది చాలాసార్లు.

మా ఊరి సంగతే చెబుతాను. 'గిడుగు', 'సవర' అని రెండు మాటలు పెట్టి వెతికితే తండ్రీ కొడుకులు ఇద్దరూ వస్తారు. వెంకట రామమూర్తి గారి సవర భాషా గ్రంథం 1931లో ఇంగ్లీషులో అచ్చయింది. సీతాపతి గారూ సవరల మీద ఇంగ్లీషులో రాశారు. ఇద్దరికీ ముందున్న పొడి అక్షరాలు జి.వి. అనే. తండ్రి 1940లో పోయారు, కొడుకు 1969 దాకా ఉన్నారు. ఈ సంవత్సరాలు పక్కన లేకపోతే ఒకరి పని ఇంకొకరి ఖాతాలో పడిపోతుంది. నేను ఇద్దరి రాతలూ ఏళ్ల తరబడి పాఠం చెప్పినవాణ్ణి, 'గిడుగు వారు రాశారు' అని ఎవరైనా ఊరికే అంటే ఇప్పటికీ ప్రాణం చివుక్కుమంటుంది.

ఇక మీ ఊళ్లో 1887లో పుట్టిన తాపీ ధర్మారావు గారిని చూడండి. ఆ ఇంటిపేరు పూర్వీకుల తాపీపని వల్ల వచ్చింది. అంతకుముందు ఆ వంశానికి ఉన్న పేరు వేరు. మీరు 'అసలు' ఇంటిపేరు అంటున్నారే, ఏ తరం దగ్గర ఆగుతారు? తిరుపతి వెంకట కవులను దివాకర్ల కింద పెడతారా, చెళ్లపిళ్ల కింద పెడతారా? వాళ్లు ఇద్దరూ ఒక్క పేరుగా నిలబడాలనుకున్నారు. ఆ కోరికను మనం గౌరవించాలి. అట్ట మీద ఉన్నదే పేరు.

జయపురం కుర్రాడు

మాస్టారూ, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఇక్కడ ఒడిశా స్కూల్లో అప్లికేషన్ నింపినప్పుడు ఇంటిపేరు గడి చివర ఉంటుంది. పండా, పాఢీ, సాహు అని మా క్లాసువాళ్లంతా ఇట్టే రాసేవారు. నాకు చివర ఉన్నది రావు కాబట్టి క్లర్కు గారు నన్ను రావుల్లో కలిపేశారు. ఇప్పుడు నేను పేపర్లు అచ్చువేస్తే అదే పేరుతో వేయాలి. బతికున్న పరిశోధకులకు ఆర్కిడ్ (ORCID) నంబరు ఉంది, మనిషికొకటి, పదహారు అంకెలది, 2012 నుంచి ఇస్తున్నారు. అది తీసుకుంటే పేరుతో గొడవే ఉండదు. ఇంటిపేరు ముందా వెనకా అని మనం తగువులాడుకోవడం ఎందుకు?

గంజాం పాఠకుడు

తమ్ముడూ, నంబరు నీకు పనికొస్తుంది. 1920లో శతకం అచ్చువేయించుకున్న మనిషికి ఎవరిస్తారు? నా బాధ ఆయన కోసమే.

రాయగడ కోడలు

మగవాళ్లు ముగ్గురూ ఇంటిపేరు పుట్టుకతో వచ్చి పోయేదాకా ఉంటుందన్నట్టు మాట్లాడుతున్నారు, అందుకే రాస్తున్నాను. నా ఎం.ఫిల్. పుట్టింటి ఇంటిపేరుతో ఉంది. పెళ్లయ్యాక రాసిన ఐదు వ్యాసాలు అత్తింటి ఇంటిపేరుతో వచ్చాయి. ఒక ఆర్కైవులో నేను ఇద్దరు మనుషుల్ని. సరిచేయమని రెండుసార్లు మెయిల్ పెట్టాను, జవాబు రాలేదు. పెద్ద విషయం కాదని మావారు అంటారు. నాకు పెద్ద విషయమే, ఎందుకంటే ఆ ఐదు వ్యాసాలూ ఆ ఎం.ఫిల్. నుంచి పుట్టినవే.

బండారు అచ్చమాంబ గారి పేరు తలుచుకోండి. 1902లో 'ధనత్రయోదశి' కథ రాసిన ఆవిడ. బండారు అత్తింటి పేరు. ఆవిడ తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు గారు. ఇంటిపేరుతో మాత్రమే జాబితా కడితే ఒక తల్లి బిడ్డలకు ఒకరితో ఒకరికి సంబంధమే కనపడదు. అట్ట మీది పేరుతో కట్టినా కనపడదు. కాబట్టి పాఠకుడు గారూ, మీ చీటీలో ఆడవాళ్లకు పుట్టిల్లు, అత్తిల్లు రెండూ రాసే చోటు ఉంచండి. ఇప్పుడే ఉంచండి, తర్వాత ఇరికించలేరు.

పాత లైబ్రరీ ఉద్యోగిని, బరంపురం

ముప్పై ఏళ్లు కేటలాగు కార్డులు రాసిన చెయ్యి నాది. ఇద్దరి మాటా సగం సగం నిజం, అయితే వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో ఇంకా ఎవరూ చెప్పలేదు.

1867 నాటి ప్రెస్సులు, పుస్తకాల నమోదు చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి పుస్తకాన్నీ ప్రభుత్వానికి ఇవ్వాల్సి ఉండేది, మూడు నెలలకోసారి ఆ పట్టికను గెజెట్‌లో వేసేవారు. ఆ పట్టికలో పుస్తకం పేరు, రచయిత, ప్రెస్సు, పేజీలు, ఎన్ని కాపీలు వేశారు, వెల ఎంత అన్నవన్నీ ఉంటాయి. చివరన కాపీరైటు ఎవరిది, వాళ్ల నివాసం ఎక్కడ అని ఇంకో గడి ఉంటుంది. నాకు ఆ గడే బంగారం. ఒకే పేరున్న ఇద్దరిలో ఒకరు పర్లాకిమిడిలో ఉండి, రెండోవారు రాజమండ్రిలో ఉంటే, ఇంటిపేరు తేల్చలేనిది ఊరు తేలుస్తుంది.

జాగ్రత్తలు రెండు చెబుతాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది కదా, అంతకుముందు ఇక్కడ అచ్చయిన పుస్తకాలు మద్రాసు పట్టికలో వెతకాలి, తర్వాతవి ఒడిశా పట్టికలో. ఒకే రచయిత మొదటి పుస్తకం అక్కడ, రెండోది ఇక్కడ ఉండి, అక్షరాల కూర్పు మారిపోతే ఇద్దరనుకుంటారు. ఇక ఊరి పేరు. ఇంగ్లీషులో బెర్హంపూర్ అని కనపడగానే సంబరపడకండి, బెంగాల్లో ముర్షిదాబాద్ జిల్లాలో ఇంకో బెర్హంపూర్ ఉంది. పక్కన గంజాం అని ఉందో లేదో చూడాలి.

స్పెల్లింగులూ అంతే. రావు అన్నది పాత ఇంగ్లీషు అచ్చులో మూడు రకాలుగా (Rao, Rau, Row) కనపడుతుంది. దివాన్ టి. మాధవరావు గారి పేరు చివర వచ్చే అక్షరాలు (Row) వేరు, రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావు గారివి (Rau) వేరు. శాస్త్రి కూడా అలాగే. ఆర్కైవ్.ఆర్గ్‌లో ఉన్న డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లకు పేర్లు ఎలా పడితే అలా టైపు చేశారు. అందుకే నేను పేరు వదిలేసి పుస్తకం పేరులో ఒక మాటా, సంవత్సరమూ పెట్టి వెతుకుతాను.

ఇంకో మాట, మనసులో ఉన్నది చెబుతున్నాను. పట్నాయక్ అని కనపడితే ఒడియావారని పక్కన పెట్టేయకండి. శ్రీకాకుళం వైపు శిష్టకరణం కులంవాళ్లలో ఇంట్లో తెలుగు మాట్లాడే పట్నాయక్‌లు ఉన్నారు. అలాగే ఇంటిపేరు ఒకటైతే చుట్టాలని కలిపేయకండి. కొత్తపల్లి లాంటివి ఊళ్ల పేర్లు, ఏ కులంలోనైనా ఉంటాయి.

రిటైర్డ్ తెలుగు మాస్టారు

అమ్మా, నివాసం గడి సంగతి నాకు తట్టనే లేదు. మీరు చెప్పింది శిరోధార్యం. అట్ట మీది పేరు చీటీకి తల అన్న మాట మాత్రం వదలను.

గంజాం పాఠకుడు

ఒప్పుకుంటున్నాను మాస్టారూ. చీటీ తలన అట్ట మీది పేరే ఉంటుంది. దాని కింద ఇంటిపేరు, రుజువు దొరికినప్పుడే. రుజువు లేకపోతే ఆ గడి ఖాళీగా ఉంచుతాం, ఊహతో నింపం. కోడలమ్మ గారు అడిగిన రెండు ఇంటిపేర్ల చోటు ఇవాళే కలిపాను. ఊరు, సంవత్సరం లేని చీటీని లెక్కలోకి తీసుకోం.

ఇంటిపేరుతో వేరే సూచిక మాత్రం కడతాను, దాన్ని వదులుకోలేను. ఎందుకో చెబుతాను. మా తాతగారి పెట్టెలో అట్ట ఊడిన చిన్న శతకం ఒకటుంది. లోపలి పేజీలో 'బ. వేం. రావు, బరంపురము' అని అచ్చయి ఉంది. పేజీ అంచు చెదలు తినేసింది, సంవత్సరంలో 19 ఒక్కటే మిగిలింది. బ అంటే బండి కావచ్చు, బుర్రా కావచ్చు, బొడ్డు కావచ్చు. తాతగారి ఇంటిపేరూ బ తోనే. ఇది ఆయనదేనని ఇంట్లో అందరూ అంటారు, నేనూ చిన్నప్పటి నుంచి అలాగే చెప్పుకున్నాను. ఇవాళ ఆ చీటీలో ఇంటిపేరు గడి చెరిపేశాను.

లైబ్రరీ అమ్మగారూ, మద్రాసు పట్టికల్లో 1900 నుంచి 1936 దాకా బరంపురం ప్రెస్సుల పుస్తకాలు వరసగా చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టమంటారు? పేజీలు నలభై ఎనిమిది, వెల రెండణాలు. ఆ రెండు అంకెలూ చెదలు తినలేదు.