పవర్‌లూమ్ 1785లోనే వస్తే ఇంగ్లండ్‌లో చేతిమగ్గాలు 1820ల దాకా ఎందుకు పెరిగాయి?

ప్రశ్న
పారిశ్రామిక విప్లవం పాఠంలో కార్ట్‌రైట్ పవర్‌లూమ్ 1785 అని ఉంది. ఇంకోచోట బ్రిటన్‌లో చేతిమగ్గంపై నూలుబట్ట నేసేవాళ్లు 1820లలోనే అత్యధికంగా, సుమారు 2.4 లక్షల మంది ఉన్నారని చదివాను. రెండూ ఎలా పొసుగుతాయి? గ్రూప్-1 మెయిన్స్‌కి కావాలి.

జవాబు 1
రెండూ సరైనవే. 1785 పేటెంటు ఏడాది మాత్రమే. ముందు నూలు సంగతి చూడండి. జాన్ కే ఫ్లయింగ్ షటిల్ (తాడు లాగితే నాడె దానంతటదే అటూ ఇటూ పరిగెత్తే ఏర్పాటు, 1733) వల్ల నేత వేగం పెరిగింది, నూలు చాలకుండా పోయింది. నూలు వడికే హార్‌గ్రీవ్స్ జెన్నీ యంత్రానికి మొదట 8 కదుళ్లు. ఆ నూలు మెత్తన, పేకకే (అడ్డపోగులకే) పనికొచ్చేది. పడుగుకి (నిలువుపోగులకి) అవిసెనార దారం వేసేవాళ్లు. ఆర్క్‌రైట్ వాటర్ ఫ్రేమ్ (1769)లో రోలర్ల జతలు ఒకదాన్ని మించి ఒకటి వేగంగా తిరుగుతూ పత్తిని సాగదీస్తాయి, తర్వాత పురి పడుతుంది. దాంతో పడుగుకి ఆగే గట్టి నూలు వచ్చింది. 1779లో క్రాంప్టన్ వడికే యంత్రం మ్యూల్ సన్ననూలు కూడా తీసింది. ఇక నూలు పోగుపడింది, నేసే చేతులే తక్కువ. అంటే చేతిమగ్గాలను పెంచింది యంత్రాలే!

జవాబు 2
పై జవాబుకి కొనసాగింపుగా, కార్ట్‌రైట్ మగ్గం ఎక్కడ తడబడిందో చెప్తాను. పడుగుకి గంజి పట్టించకపోతే పోగులు రాపిడికి తెగుతాయి. మొదట్లో ఈ పని మగ్గం మీదే జరిగేది: కొంత నేయడం, మగ్గం ఆపడం, ముందున్న పడుగుకి గంజి రాయడం, ఆరబెట్టడం, మళ్లీ నేయడం. ఇలా ఆపుతూ పోతే ఆవిరితో నడిపి లాభమేంటి? 1803-04లో రాడ్‌క్లిఫ్, జాన్సన్‌ల డ్రెస్సింగ్ యంత్రం మగ్గం ఎక్కకముందే పడుగంతటికీ గంజి పెట్టేసింది.

ఇంకో చిక్కు, నేసిన బట్ట చుట్టుకునే దోనె. చుట్ట లావయ్యే కొద్దీ ఒక్కో తిప్పుకి ఎక్కువ బట్ట లాగుతుంది, పేక పలచబడుతుంది. స్టాక్‌పోర్ట్ ఊరివాడు హొరాక్స్ దీన్ని కొంత సరిచేశాడు. కొయ్య చట్రం అదురు కూడా పోగులు తెంపేది. రాబర్ట్స్ పోత ఇనుప మగ్గం (1822) తర్వాతే మిల్లులు ధైర్యంగా కొన్నాయి. అంచనాల ప్రకారం బ్రిటన్‌లో పవర్‌లూమ్‌లు 1813లో 2,400, 1820లో 14,000 పైచిలుకు, 1833కి లక్ష.

ప్రశ్న వేసినవారు
మరి లడ్డైట్లు (యంత్రాలు పగలగొట్టిన ఆనాటి పనివాళ్లు) పగలగొట్టినవి ఈ మగ్గాలేనా?

జవాబు 1
అన్నిచోట్లా కాదు. 1811-12లో నాటింగ్‌హామ్‌లో మేజోళ్లు అల్లే ఫ్రేములు, యార్క్‌షైర్‌లో ఉన్ని బట్ట నూగు కత్తిరించే యంత్రాలు. లాంకషైర్‌లో మాత్రమే పవర్‌లూమ్‌లు. చాలా గైడ్లు మూడింటినీ కలిపేస్తాయి.

జవాబు 3
కూలి సంగతి వదిలేశారు. 1815లో నెపోలియన్‌తో యుద్ధం ముగిసి సైనికులు తిరిగొచ్చాక నేత కూలి బాగా పడిపోయింది. గిరాకీ తగ్గితే ఇళ్లలో నేసేవాళ్లకి నూలివ్వడం ఆపేస్తే సరి, నష్టం వాళ్లదే. సొంత మగ్గాలు పెడితే ఆ పెట్టుబడి తనదే కాబట్టి యజమాని తొందరపడలేదు.

మన లింకు కూడా ఒక వాక్యం రాయండి. బందరు వంటి కోరమండల్ రేవుల నుంచి వెళ్లిన అద్దకం బట్టల పోటీకి భయపడే బ్రిటన్ 1721లో అచ్చు నూలుబట్టల వాడకాన్ని నిషేధించింది. స్వదేశంలో నేసిన పూర్తి నూలుబట్టకి 1774లో సడలించింది. తర్వాత మిల్లు నూలు ఇక్కడికి దిగినప్పుడు ముందుగా పని పోయింది రాట్నం వడికే ఆడవాళ్లకి. నేతగాళ్లు చాలామంది ఆ నూలుతోనే మగ్గం సాగించారు.