కొత్త స్టేడియానికి మన పైసలెందుకు? ఉప్పల్ వాళ్లు జర చెప్పండి

రామంతాపూర్ పిల్లోడు:
మా ఇల్లు ఉప్పల్ స్టేడియానికి నడక దూరం. ఐపీఎల్ మ్యాచ్ ఉన్న రోజు మధ్యాహ్నం మూడింటికే గల్లీ మొత్తం బండ్లతో నిండిపోతుంది. మొన్నటి సీజన్‌లో ఎవరో మా గేటుకు అడ్డంగా బుల్లెట్ పెట్టి హ్యాండిల్ లాక్ వేసి పోయాడు, నాన్నను క్లినిక్‌కు తీసుకుపోవడానికి నలుగురం కలిసి దాన్ని ఎత్తి పక్కన పెట్టాల్సొచ్చింది. అట్లాగని క్రికెట్ మీద కోపం లేదు, స్టేడియంలో అరుపు ముందు వినిపించి టీవీలో సిక్స్ తర్వాత కనిపించే మజా మాకు తప్ప ఇంకెవరికి ఉంటుంది!

నా డౌట్ వేరే. రంగారెడ్డి జిల్లా కందుకూరు వైపు కొత్త సిటీలో ఇంకో అంతర్జాతీయ క్రికెట్ స్టేడియం అని 2024లో ముఖ్యమంత్రి అసెంబ్లీలోనే చెప్పారు. దానికి భూమి, రోడ్లు అన్నీ సర్కారే ఇస్తుందనుకుందాం. ఐపీఎల్ ప్రసార హక్కులు ఐదేళ్లకు 48,390 కోట్లకు అమ్ముకున్న క్రికెట్ బోర్డుకు మన సాయం ఏం అవసరం? ఇక్కడ మా కాలనీ గ్రౌండ్‌లో సగం ఎవరివో రేకుల షెడ్లు, మిగిలిన సగంలో పెళ్లి పందిళ్లు. పిల్లలు గల్లీలో ఆడి అద్దాలు పగలగొడుతున్నారు. దీనికి మీరేమంటారు?

హబ్సిగూడ అంకుల్:
బాబూ, ఉప్పల్ స్టేడియం పునాదుల నుంచి చూసినవాణ్ణి. అసలు పేరు విశాక స్టేడియం అని తెలుసా? పేరు పెట్టే హక్కు వేలం వేస్తే విశాక ఇండస్ట్రీస్ గెలుచుకుంది. 2004లో ప్రభుత్వం మారింది, పేరు రాజీవ్ గాంధీ స్టేడియం అయింది, ఆ ఒప్పందం గొడవ ఏళ్ల తరబడి కోర్టుల్లో నడిచింది. 2005 నవంబరులో మొదటి వన్డే, సౌతాఫ్రికాతో, నేను వెళ్లాను. ఇంతా చేస్తే అది ప్రభుత్వ స్టేడియం కాదు, హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్‌ది.

అసోసియేషన్ సంగతి చెప్పాలా? 2024 ఏప్రిల్‌లో చెన్నైతో మ్యాచ్‌కు ముందు రోజు కరెంటు వాళ్లు వచ్చి ఫ్యూజులు పీకారు, కోటిన్నరకు పైగా బకాయి, అదీ ఏళ్ల నాటిది. మనం ఒక్క నెల బిల్లు కట్టకపోతే లైన్‌మన్ నిచ్చెన వేసుకుని రెడీగా ఉంటాడు. ఏళ్ల తరబడి వసూలు చేయకుండా వదిలేసిన బిల్లు కూడా సర్కారు సొమ్మే కదా, బడ్జెట్ పుస్తకంలో మాత్రం కనపడదు. బందోబస్తుకు రెండు వేల మంది పోలీసులు, ట్రాఫిక్ మళ్లింపులు, మ్యాచ్ అయ్యాక రోడ్డు ఊడవడం, ఇవన్నీ కలుపుకో. ముంబైలో ఐపీఎల్ బందోబస్తు ఫీజు తగ్గించినందుకు, బకాయిలు వసూలు చేయనందుకు హైకోర్టులో పిల్ పడింది. మన దగ్గర ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

డాలస్ బావ:
ఇక్కడి మాట కూడా వినండి. నేనుండేది ఆర్లింగ్‌టన్ పక్కనే. ఆ ఊళ్లో బేస్‌బాల్ టీముకు 1994లో స్టేడియం కట్టారు, ఊరి జనం సేల్స్ టాక్స్ కట్టి. బంగారం లాంటి స్టేడియం, కానీ టెక్సస్ ఎండకు పైన కప్పు లేదని 2016లో మళ్లీ ఓటింగు పెట్టి, కొత్తదానికి ఊరి వాటాగా 50 కోట్ల డాలర్ల దాకా ఒప్పించారు. పాతది, కొత్తది ఎదురెదురుగా ఉంటాయి, చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

సియాటిల్‌లో ఇంకా దారుణం, కింగ్‌డోమ్ అనే స్టేడియాన్ని 2000లో బాంబులు పెట్టి కూల్చేశారు, దాని అప్పు మాత్రం 2015 దాకా కడుతూనే ఉన్నారు. లేని ఇంటికి ఈఎంఐ అన్నమాట. ఇక్కడి ఆర్థికవేత్తలు ముప్పై ఏళ్లుగా ఒకటే చెబుతున్నారు, స్టేడియం వల్ల ఊరికి వచ్చే లాభం పెట్టిన దానికి ఏ మూలకూ సరిపోదని. జనం సినిమాకో హోటల్‌కో పెట్టే డబ్బే మ్యాచ్‌కు పెడతారు, కొత్త డబ్బు పుట్టదు. ఇదే మాట మీద 2024లో కాన్సాస్ సిటీ దగ్గర జాక్సన్ కౌంటీ వాళ్లు ఓటేసి టాక్స్ వద్దన్నారు. వెంటనే పక్క రాష్ట్రం ‘మా దగ్గరికి రండి, బాండ్లు ఇస్తాం’ అని టీములకు గాలం వేసింది. పెళ్లిచూపుల్లో కట్నం బేరం గుర్తొచ్చింది నాకు.

ఒక్క తేడా ఏంటంటే, ఇక్కడ కనీసం కొన్నిచోట్ల జనాన్ని ఓటు అడుగుతారు. (అన్నట్టు, మనోళ్లందరం క్రికెట్ చూసే గ్రాండ్ ప్రెయిరీ గ్రౌండు కూడా సిటీదే, పాత బేస్‌బాల్ స్టేడియాన్ని లీజుకిచ్చి మార్పించారు. కొత్త భూమి ఒక్క గజం పోలేదు.)

గచ్చిబౌలి గోల్‌కీపర్:
బావగారూ, మన దగ్గర టాక్స్ ఉండదు, భూమి ఉంటుంది. అసలు కథ అక్కడే. 2003లో ఐఎంజీ భారత అనే కంపెనీ, రిజిస్టరై పట్టుమని పది రోజులు కాలేదు, క్రీడా నగరం కడతానంటే 850 ఎకరాలకు ఒప్పందం రాసిచ్చారు. అందులో 400 ఎకరాలు కంచ గచ్చిబౌలిలో, మిగతాది మామిడిపల్లి వైపు. అదీ ఎంతకు? గచ్చిబౌలిలో ఎకరం 50 వేలకు! 2006లో తర్వాతి ప్రభుత్వం రద్దు చేసింది, కంపెనీ కోర్టుకు పోయింది, 2024 మార్చిలో హైకోర్టు, మేలో సుప్రీంకోర్టు కంపెనీకి కాదన్నాయి. సరిగ్గా ఏడాది తిరక్కుండా అదే 400 ఎకరాల్లోకి జేసీబీలు దిగాయి, పక్కనున్న సెంట్రల్ యూనివర్సిటీ పిల్లలు రోడ్డెక్కారు, చెట్లు కొట్టొద్దని సుప్రీంకోర్టు ఆపాల్సొచ్చింది. ఇరవై ఏళ్లు ఆటల పేరు మీద నడిచిన ఫైలు అది, ఒక్క గోల్ పోస్ట్ కూడా లేవలేదు.

కట్టినవాటి సంగతీ చూడండి. గచ్చిబౌలిలో బాలయోగి స్టేడియం 2002 నేషనల్ గేమ్స్ టైంలో వచ్చింది. ఆ కాంప్లెక్స్‌లో క్రీడాకారుల కోసం కట్టిన టవర్‌ను 2020లో కోవిడ్ ఆసుపత్రిగా మార్చారు, అప్పుడు పనికొచ్చింది, కాదనను. మన ఫుట్‌బాల్ టీము హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్‌ఎల్ లీగ్ గెలిచింది, పండగ చేసుకున్నాం, 2025లో టీమే ఢిల్లీకి వెళ్లిపోయింది. స్టేడియం ఇక్కడే, జెర్సీ నా బీరువాలో.

షటిల్ అక్క:
అందరూ ఒక్క వైపే మాట్లాడుతున్నారు, నేను ఒప్పుకోను. సర్కారు పెట్టిన ప్రతి పైసా వృథా కాదు. సైనా మొదట ఆడింది ఎల్‌బీ స్టేడియంలోనే. గోపీచంద్ గారికి బ్యాడ్మింటన్ అకాడమీ కోసం 2003లో ఇచ్చింది 5 ఎకరాలు, 850 కాదు. దాంట్లోంచే 2012లో లండన్, 2016లో రియో పతకాలు వచ్చాయి. మా పాప కూడా పొద్దున అయిదింటికి కోర్టుకు పోతుంది, నెల ఫీజు వింటేనే గుండె ఆగుతుంది. అదే ప్రభుత్వ స్టేడియంలో అయితే కట్టగలం.

కాబట్టి అడగాల్సింది డబ్బు పెట్టాలా వద్దా అని కాదు, తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది అని. ఏడాదిలో ఏడెనిమిది ఐపీఎల్ మ్యాచ్‌లు, మిగతా రోజులు గేటు బంద్ అంటే దానికి మన భూమి దేనికి? ఎల్‌బీ స్టేడియం మనదే, కానీ ప్రమాణ స్వీకారాలు, ఇఫ్తార్, క్రిస్మస్ విందులు కూడా అక్కడే. స్టేజీ కట్టినప్పుడు గుంటలు ఎవరు పూడుస్తారో ఎవరినైనా అడిగారా? నేను ఒకసారి అడిగాను, వాచ్‌మన్ నవ్వాడు.

హబ్సిగూడ అంకుల్:
అమ్మా, తాళం చెవి మాట బాగుంది. ఒప్పందం కాగితంలో బడి పిల్లలకు ఎన్ని రోజులు, కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, కట్టకపోతే ఏం చేస్తారు, ఈ మూడు ముందే రాయించుకుంటే కొత్త స్టేడియం కట్టనీ. రాయరు, అది వేరే సంగతి.

రామంతాపూర్ పిల్లోడు:
అందరికీ థ్యాంక్స్. కందుకూరు దాకా నా మాట ఎట్లాగూ పోదు. ముందు మా గ్రౌండ్ సంగతి చూస్తా, సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇద్దామనుకుంటున్నా. షెడ్ల వాళ్లు అది గ్రౌండే కాదంటున్నారు. మా ఏరియా పాత లేఅవుట్ కాపీ ఎవరి దగ్గరైనా ఉందా?

హబ్సిగూడ అంకుల్:
మీ కాలనీలో ప్లాటు కొన్న మా బావమరిది దగ్గర ఒక జిరాక్స్ ఉంది. రంగు వెలిసింది, మడత దగ్గర చిరిగింది, కానీ ‘ఆట స్థలము’ అని చేత్తో రాసింది చదవొచ్చు. ఆదివారం పొద్దున్నే రా, మ్యాచ్ లేదు, బండి పెట్టుకోవడానికి చోటు ఉంటుంది.