4 ప్లస్ 4 అంటే నిజంగా 8 జీబీ ర్యామేనా?

నెల్లూరు_రవ్వ:
అమ్మకి ఫోన్ చూద్దామని షాపుకెళ్లా. డబ్బా మీద పెద్దక్షరాల్లో "8 జీబీ ర్యామ్". కింద చీమ తలకాయంత అక్షరాల్లో "4 జీబీ + 4 జీబీ వర్చువల్". స్టోరేజ్ 64 జీబీ, ఈఎంఎంసీ అనే చవక రకం. కౌంటర్లో అబ్బాయేమో "రెండూ ఒకటే మేడమ్" అంటాడు. నాకైతే మోసం అనిపించింది. మీరేమంటారు?

పేజ్‌ఫాల్ట్:
మోసం అనేస్తే ఎలాగండీ. స్టోరేజ్‌లో కొంత జాగాని ర్యామ్‌లా వాడుకునే ఈ వర్చువల్ పద్ధతి ఫోన్ కంపెనీలు నిన్న కనిపెట్టింది కాదు. 1962లోనే మాంచెస్టర్‌లో అట్లాస్ కంప్యూటర్ చిన్న కోర్ మెమరీనీ, పెద్ద మాగ్నెటిక్ డ్రమ్మునీ కలిపి ప్రోగ్రామ్‌కి ఒకే మెమరీలా చూపించింది. విండోస్‌లో పేజ్ ఫైల్, లైనక్స్‌లో స్వాప్ చేసేదీ అదే. ర్యామ్ నిండితే, కాసేపటిగా ముట్టుకోని పేజీలు, అంటే మెమరీ ముక్కలు, స్టోరేజ్‌లోకి పోతాయి, కావాల్సినప్పుడు వెనక్కొస్తాయి. లాభమా? బ్యాంకు యాప్‌లోంచి ఓటీపీ కోసం మెసేజ్‌లోకెళ్లి తిరిగొచ్చేసరికి యాప్ మళ్లీ మొదటి నుంచి తెరుచుకునే బాధ తగ్గుతుంది.

వరంగల్_వోల్టేజ్:
చరిత్ర మంచిగనే ఉంది అన్నా. గని స్పీడ్ చూడు. చవక చిప్‌ల 32 బిట్ల బస్సు (డేటా పోయే దారి) మీద ఎల్‌పీడీడీఆర్4ఎక్స్ రకం ర్యామ్ నడిచినా సెకనుకు 14 జీబీ దాకా పోతది. ఈఎంఎంసీ 5.1 బస్సుకు గరిష్ఠమే 400 ఎంబీ. అది కాయితం మీది లెక్క, చిన్న చిన్న ముక్కలు చదివేటప్పుడు అంత కూడ రాదు. ర్యామ్ జవాబు నానోసెకన్లల్ల, ఫ్లాష్ (స్టోరేజ్ చిప్) జవాబు మైక్రోసెకన్లల్ల. రెండిటినీ కూడి 8 అని ఎట్ల రాస్తరు?

అసలు తమాష ఏందంటే, 12 జీబీ ఫోన్ల వేగమైన యూఎఫ్ఎస్ స్టోరేజ్ ఉంటది, వాటికి వర్చువల్ అక్కరనే లేదు. అక్కరున్న 4 జీబీ ఫోన్లనేమో ఈఎంఎంసీ పెడ్తరు.

పేజ్‌ఫాల్ట్:
కూడి రాయడాన్ని నేనూ సమర్థించను. నా మాటల్లా ఆ ఫీచర్ ఉత్తది కాదని. ఇంకోటి, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో జెడ్‌ర్యామ్ ముందే ఉంటుంది. పేజీల్ని కుదించి ర్యామ్‌లోనే దాస్తుంది, స్టోరేజ్ జోలికి పోదు. దాన్ని మాత్రం ఎవరూ డబ్బా మీద వేసుకోరు, విచిత్రం.

సోల్డరింగ్_సుబ్బులు:
రిపేర్ షాపు వాణ్ణి, నా గోల వేరు. ఆ వర్చువల్ 4 జీబీ ఎక్కణ్ణుంచి వస్తుంది? మీ 64లోంచే. సిస్టమ్ తినేది తినగా, ఫ్యామిలీ గ్రూపుల గుడ్ మార్నింగ్ ఫొటోలు నింపేది నింపగా, ఇదొక కోత. మా దగ్గరికి "స్లో అయింది" అని వచ్చే ఫోన్లలో సగం స్టోరేజ్ నిండినవే. ఫ్లాష్ అరిగిపోతుందని భయపెడతారు చూడండి, అది కాస్త అతి. దాని మీద ఇన్నిసార్లే రాయగలమన్న పరిమితి ఉన్నమాట నిజమే గానీ, అంతకంటే ముందే బ్యాటరీయో స్క్రీనో పోతుంది.

నెల్లూరు_రవ్వ:
మరి అసలు ర్యామే 6, స్టోరేజ్ 128 యూఎఫ్ఎస్ ఉన్నది తీసుకుంటే? కాస్త ధర ఎక్కువ.

సోల్డరింగ్_సుబ్బులు:
కళ్లు మూసుకుని అదే తీసుకోండమ్మా. అందులోనూ వర్చువల్ ఆన్ చేసే ఇవ్వొచ్చు. సెట్టింగ్స్‌లో ఆఫ్ కొట్టి రీస్టార్ట్ చేస్తే ఆ జాగా వెనక్కొస్తుంది.

పేజ్‌ఫాల్ట్:
యూఎఫ్ఎస్ అయితే ఆన్‌లోనే ఉండనివ్వండి. అక్కడ పనికొస్తుంది.

వరంగల్_వోల్టేజ్:
ఆఫే చెయ్యి అక్కా.