పాత మాసీ ట్రాక్టర్‌కి ఎనామెలా, పీయూనా?

పాతబండి: నాన్న కొన్న మాసీ ఫెర్గూసన్ 1035 ట్రాక్టర్ పదేళ్లుగా షెడ్డులో పడి ఉంది. ఇంజన్ పని అయిపోయింది, ఇక రంగే. కంప్రెసర్, స్ప్రే గన్ ఉన్నాయి కాబట్టి నేనే కొట్టుకుంటా. తెలిసిన పెయింటరు పీయూ (పాలీయురెథేన్ రంగు) అంటున్నాడు, నాకేమో ఎనామెల్ చాలనిపిస్తోంది. ఏమంటారు?

గన్‌మాస్టర్: పీయూనే బ్రో. ఎనామెల్ మీద డీజిల్ ఒలికితే మెత్తబడుతుంది, ఎండకి వెలిసి తెల్లబారుతుంది. పీయూ అయితే అద్దంలా ఉంటుంది.

మెట్టపొలం: ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు కూడా ఆ బండి అద్దంలా మెరవలేదు, సరే అది నా పిచ్చి అనుకోండి. అసలు సంగతి పీయూ గట్టిపడడానికి కలిపే హార్డెనర్. అందులో ఐసోసయనేట్ ఉంటుంది, గన్‌తో కొట్టినప్పుడు ఆ తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతే ఆస్తమా రావచ్చు, ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైందంటే ఆ తర్వాత కాస్త తగిలినా ఆయాసమే. వాసన తెలియదు కాబట్టి మాస్కు పనిచేస్తోందో లేదో కూడా తెలియదు. పైపుతో బయటి గాలి అందే మాస్కు, పెయింట్ బూత్ ఉన్నవాళ్ల రంగు అది, ముక్కుకి తువ్వాలు చుట్టుకుని కొట్టేది కాదు.

గన్‌మాస్టర్: ఏడేళ్లుగా కొడుతున్నా, నాకేం కాలేదు.

మెట్టపొలం: మా ఊళ్లో కార్లకి రంగు కొట్టే ఆయనా ఇదే అనేవాడు. ఇప్పుడు పక్క షెడ్డులో పీయూ కొట్టినా ఆయనకి దగ్గు ఆగదు.

పాతబండి: పోనీ ఎనామెల్‌లోనే కొంచెం హార్డెనర్ కలిపితే? త్వరగా ఆరుతుందంటగా.

మెట్టపొలం: అయ్యో, ప్రమాదం ఆ హార్డెనర్‌తోనే అన్నా! అది కలిపాక ఎనామెల్ అయినా ఒకటే. ఉత్త ఎనామెల్ పల్చగా రెండు మూడు కోట్లు వెయ్యి, ఆరడానికి టైమివ్వు. దానికీ థిన్నర్ ఆవిరి ఉంటుంది, బొగ్గు ఫిల్టర్ మాస్కు పెట్టుకో, గడ్డం ఉంటే తీసెయ్, లేకపోతే సందుల్లోంచి గాలి దూరుతుంది. దగ్గర్లో వెల్డింగ్, బీడీ ఏవీ ఉండకూడదు.

రిమ్ములు: పైరంగు గురించి కొట్టుకుంటున్నారు గానీ కష్టమంతా కింద ఉంది. పాత రంగులో సీసం ఉండొచ్చు, గ్రైండర్‌తో పొడి లేపొద్దు, వాటర్ పేపర్‌తో తడిపి రుద్దు, పిల్లల్ని రానివ్వకు, ఆ బట్టలు విడిగా ఉతుక్కో. గేర్‌బాక్స్ దగ్గర ఇసుమంత గ్రీజు మిగిలినా రంగు కళ్లు కళ్లుగా విడిపోతుంది. నేనైతే పాత ఎనామెల్ మీద ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పుట్టీ పెట్టి, కింద రంగంతా ముడతలు పడితే రెండ్రోజులు కూర్చుని గీకాను.

గన్‌మాస్టర్: సరే, అంత భయమైతే బానెట్, మడ్‌గార్డులు విప్పి బూత్ ఉన్నచోట పీయూ కొట్టించు, మిగతాది ఎనామెల్.

పాతబండి: అది బాగుంది. షేడ్ ఎలా కలపాలి? ఎరుపంతా వెలిసిపోయింది.

రిమ్ములు: మీటర్ల వెనక ఎండ తగలని చోట చూడు, డీజిల్ గుడ్డతో తుడిస్తే అసలు ఎరుపు బయటపడుతుంది.