థాడియస్ స్టీవెన్స్ సమాధి అక్కడే ఎందుకు?

ప్రశ్న: లింకన్ కాలం గురించి చదువుతుంటే ఈ లాయర్ పేరు తగిలింది. అమెరికా కాంగ్రెస్‌లో అంత చక్రం తిప్పిన మనిషిని పెన్సిల్వేనియాలో, లాంకస్టర్‌లోని ఓ చిన్న శ్మశానంలో పూడ్చారట. ఎందుకండీ?

జవాబు 1: ఆయనే కోరుకున్నారండీ. తను తెల్లవాడే అయినా, నల్లవాళ్ల సమానత్వం కోసం పోరాడిన మనిషి. మిగతా శ్మశానాల్లో నల్లవాళ్లకు చోటిచ్చేవారు కాదు. ఆ కారణం సమాధి రాయి మీదే చెక్కి ఉంటుంది. పోయింది 1868 ఆగస్టులో.

జవాబు 2: నాకైతే ఆయనంటే 1835 ప్రసంగమే. ఉచిత బడుల చట్టాన్ని ఎత్తేయబోతుంటే రాష్ట్ర చట్టసభలో లేచి అడ్డుపడ్డాడు. పుట్టుకతోనే కాలు వంకర, ఇంట్లో పేదరికం. చదువు లేకపోతే తన గతేమిటో ఆయనకు తెలుసు కదా! 1863లో కాన్ఫెడరేట్ సైన్యం (బానిసత్వం కోసం విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల సైన్యం) ఆయన ఇనుప కార్ఖానాను తగలబెట్టింది. అయినా తగ్గలేదు. లింకన్ తర్వాత వచ్చిన అధ్యక్షుడు జాన్సన్ అభిశంసనప్పుడు నడవలేని స్థితిలో కుర్చీలో మోయించుకుని మరీ వచ్చాడు. మొండిఘటం!

అడిగినవారు: కుర్చీ సంగతి నాకు తెలీదు. థాంక్సండీ.